పటకెట్ వాళ్ళకి వూసాక్స్ అంటే ఎందుకు పడదు?

మీరు అడిగింది ఇదీ: మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరారు. ఆఫీసంతా కలిసి పోలార్ పార్క్ స్టేడియంలో ఆ ఊరి మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టు వూసాక్స్ ఆట చూడ్డానికి వెళ్దామనుకుంటే, రోడ్ ఐలండ్ నుంచి రోజూ కారులో వచ్చే ఒక పెద్దాయన మాత్రం "ఆ జట్టు గుమ్మం తొక్కను" అని తెగేసి చెప్పారు. మైనర్ లీగ్ అంటే మన రంజీ ట్రోఫీ లాంటిదేనా? ఏటా మొహాలు మారిపోయే జట్టు మీద అంత పట్టింపేమిటి? ఇందులో తప్పెవరిది?

నేను ఉండేది ఆటిల్‌బరోలో. రోడ్ ఐలండ్‌లోని పటకెట్‌కి పక్కూరు. ఇప్పటి వూసాక్స్ ఒకప్పుడు ఆ పటకెట్ జట్టే, అక్కణ్ణించే వూస్టర్‌కి తరలిపోయింది. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఉందన్న మాటే గానీ మా తిరుగుడంతా అటువైపే. మా పిల్లలు బేస్‌బాల్ చూడ్డం నేర్చుకుంది పటకెట్‌లో ఉన్నప్పటి ఆ జట్టు దగ్గరే. కాబట్టి నేను తటస్థుణ్ణి కాదు, అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

ముందు రంజీ సంగతి తేల్చేద్దాం. పై మెట్టుకి కింది మెట్టు అన్నంతవరకు పోలిక సరే. కానీ రంజీలో హైదరాబాదైనా ఆంధ్రయినా తన ఆటగాళ్ళని తనే ఎంచుకుంటుంది, గెలవడానికే ఆడుతుంది. మైనర్ లీగ్‌లో జట్టు యజమానికి ఆటగాళ్ళ మీద ఏ హక్కూ ఉండదు. ఆటగాళ్ళు, కోచ్‌లు, వాళ్ళ జీతాలు అన్నీ పైనున్న మేజర్ లీగ్ క్లబ్బువే. మన విషయంలో అది బోస్టన్ రెడ్ సాక్స్. ఏ పిచర్ (బంతి విసిరేవాడు) ఏ రోజు ఎన్ని బంతులు వేయాలన్నది కూడా బోస్టన్ నుంచే వస్తుంది. ఇక్కడి యజమాని చేతిలో మిగిలేవి టికెట్లు, తినుబండారాలు, ప్రకటన బోర్డులు, స్టేడియం అద్దె. సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని మెట్లుంటాయి. పటకెట్‌ది అన్నిటికన్నా పై మెట్టు, ట్రిపుల్-ఏ. అంటే మీ జట్టులో ఒకడు అదరగొడుతున్నాడంటే వాడు రేపో ఎల్లుండో బోస్టన్ వెళ్ళిపోతాడు. ఫైనల్ ముందు రోజు మీ బెస్ట్ పిచర్‌ని లాక్కుపోయినా అడిగే దిక్కుండదు.

అలాంటప్పుడు ఊరికి ఆ జట్టులో సొంతమైనదేమిటి? మీ ప్రశ్నకి జవాబంతా ఇక్కడే ఉంది. ఆటగాళ్ళు కాదు, గెలుపూ కాదు. కూర్చునే చోటు, టికెట్ ధర, గేటు దగ్గర పలకరించే మనుషులు, అంతే. ఈ మూడింటినీ పట్టి నిలబెట్టిన మనిషి ఒకడు పటకెట్‌కి దొరికాడు. ఆయన పోయాక వాటిని పట్టి ఉంచే కాగితం ఒక్కటీ లేదని ఊరికి తెలిసొచ్చింది.

పటకెట్ మిల్లుల ఊరు. ఇంగ్లండ్ నుంచి నూలు యంత్రాల నమూనాలు బయటికి పోకూడదని చట్టమున్న రోజుల్లో శామ్యూల్ స్లేటర్ అనే కుర్రాడు వాటిని బుర్రలో పెట్టుకుని 1789లో అమెరికా వచ్చాడు. పటకెట్ జలపాతం దగ్గర నీటి బలంతో నూలు వడికించాడు. 1793లో కట్టిన మిల్లు ఇప్పటికీ నిలిచే ఉంది. అమెరికాలో ఫ్యాక్టరీ కార్మికుల తొలి సమ్మె కూడా ఇక్కడే, 1824లో, మగ్గాల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో మిల్లులు ఒక్కొక్కటీ దక్షిణాది రాష్ట్రాలకి తరలిపోయాయి. పనికొచ్చేది పుట్టాక వేరేచోటికి వెళ్ళిపోవడం ఈ ఊరికి కొత్త కాదు.

స్టేడియం కథ కూడా తమాషాగానే ఉంటుంది. 1930ల చివర్లో మేయరుగా ఉన్న థామస్ మెకాయ్ ఒక చిత్తడి నేలని పట్టుకుని ఇక్కడ స్టేడియం కడతానన్నాడు. మాంద్యం రోజుల్లో కేంద్రం పనులు కల్పించడానికి ఇచ్చిన డబ్బుతో మొదలెట్టారు. ఎంత మట్టి పోసినా మింగేసిందని, యంత్రాలు కూడా బురదలో కూరుకుపోయాయని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఖర్చు పది లక్షల డాలర్లు దాటడంతో మేయరు పిచ్చిపని అని ఎగతాళి చేశారు. 1942లో తెరిచారు. మేయరు పోయాక 1946లో ఆయన పేరే పెట్టారు, మెకాయ్ స్టేడియం అని. ఆ ఏడే వచ్చిన మొదటి ప్రొఫెషనల్ జట్టు పేరు స్లేటర్స్, మిల్లు స్లేటర్ పేరు మీదే. అది మూడు నాలుగేళ్ళలో పోయింది. అరవైల్లో క్లీవ్‌లాండ్ వాళ్ళ డబుల్-ఏ జట్టొకటి వచ్చి అదీ పోయింది. 1970లో బోస్టన్ వాళ్ళ డబుల్-ఏ జట్టు వచ్చింది. 1973లో దాని స్థానంలో ట్రిపుల్-ఏ జట్టొచ్చి, వచ్చిన ఏడే తానాడే ఇంటర్నేషనల్ లీగ్‌లో విజేతకిచ్చే గవర్నర్స్ కప్ కొట్టింది. అదే పటకెట్ రెడ్ సాక్స్, ముద్దుగా పాసాక్స్.

కప్పు కొట్టినా జనం రాలేదు. 1976 నాటికి జట్టు అప్పుల్లో మునిగింది, స్టేడియం పాడుబడింది. లీగ్ వాళ్ళు వేరే ఊరికి పంపేద్దామనుకున్నారు. అప్పుడు వినిపించిన ఊళ్ళ పేర్లలో వూస్టర్ కూడా ఉంది. అంటే మీ వూస్టర్ నలభై ఏళ్ళ ముందే ఒకసారి అంచుదాకా వచ్చి ఆగిందన్నమాట.

ఆపింది బెన్ మాండోర్. కెనడాలోని క్విబెక్‌లో పుట్టి, పటకెట్‌కి ఎగువనున్న ఊన్సాకెట్‌లో పెరిగిన ఫ్రెంచి కెనడియన్. బట్టల మిల్లుల వ్యాపారంలో సంపాదించి రిటైరైన మనిషి. బేస్‌బాల్ వ్యాపారంలో అనుభవం సున్నా. 1977 జనవరిలో జట్టుని తీసుకున్నాడు. మైక్ టంబరోని జనరల్ మేనేజరుగా పెట్టుకున్నాడు. ఆ తర్వాత చేరిన లూ ష్వెక్‌హైమర్‌తో కలిపి ఈ ముగ్గురే మూడు దశాబ్దాలు నడిపారు. 1977లో జట్టు లీగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచినా, సీజన్ మొత్తానికి వచ్చిన జనం 70 వేలు. 2005లో అదే మెకాయ్‌కి వచ్చినవాళ్ళు 6 లక్షల 88 వేలు.

మధ్యలో ఆయన చేసిందేమిటంటే, చెప్పుకోడానికి గొప్పదేమీ లేదు. బాత్రూములు కడిగించాడు. తాగి గొడవ చేసేవాళ్ళని బయటికి పంపించాడు. పార్కింగ్‌కి డబ్బు తీసుకోలేదు. టికెట్ ధరని ఏళ్ళ తరబడి కూలివాడి కుటుంబం కూడా లెక్కచూసుకోకుండా వచ్చేంత తక్కువలోనే ఉంచాడు. ఆట అయిపోయాక గేటు దగ్గర నిలబడి మనుషుల్ని పేరుపెట్టి పలకరించేవాడు. 1999 నాటికి స్టేడియాన్ని పెద్దది చేసి 10 వేల సీట్లకి తెచ్చాక కూడా ధర పద్ధతి మారలేదు. రెండో తరగతి చదివే పిల్లల్ని ఇద్దర్నీ వెంటబెట్టుకుని, పెద్దగా ఆలోచించకుండా మంగళవారం సాయంత్రం వెళ్ళిపోగలిగేవాళ్ళం. బోస్టన్ రెడ్ సాక్స్ స్టేడియం ఫెన్‌వే పార్క్‌కి అలా వెళ్ళగలరా? శాకాహారులకి అక్కడ దొరికేవి ఫ్రెంచ్ ఫ్రైస్, పాప్‌కార్న్, డెల్స్ లెమనేడ్ అంతే. అయినా పిల్లలు వెళ్దామని ప్రాణం తీసేవాళ్ళు.

పిల్లలకి అంత సరదా దేనికంటే, మెకాయ్‌లో ఆటగాళ్ళు కూర్చునే డగౌట్లు మామూలు స్టేడియంలలోలాగా మైదానం అంచున బయటికి ఉండవు. ప్రేక్షకుల సీట్ల కింద గుహల్లా ఉంటాయి. ముందు వరసలో కూర్చున్న పిల్లాడికి ఆటగాడు కనిపించడు, సరిగ్గా వాడి కాళ్ళ కిందే ఉంటాడు. మరి సంతకం ఎలా తీసుకోవడం? ప్లాస్టిక్ పాల క్యాను తీసుకుని పక్కన ఒక కిటికీ కోసేవాళ్ళు. అందులో బంతి, పెన్ను పెట్టి, పిడికి తాడు కట్టి, గోడ మీంచి మెల్లగా కిందికి దింపేవాళ్ళు. దాని మీద తమ పేరు పెద్ద అక్షరాలతో రాసుకునేవాళ్ళు. కింద ఎవరో ఒకరు బంతి తీసి సంతకం పెట్టి తాడు ఒకసారి లాగేవాళ్ళు, పైకి చేదుకోమని. దీన్ని అక్కడ చేపలు పట్టడం అనేవాళ్ళు. ఆట మొదలయ్యే ముందు గోడ పొడుగునా ముప్పై నలభై క్యాన్లు వేలాడుతుండేవి. పైకి వచ్చిన సంతకం ఎవరిదో చాలాసార్లు చదవడానికి వచ్చేది కాదు. పిల్లలు జట్టు జాబితా పట్టుకుని తగువులాడుకునేవాళ్ళు. వాళ్ళల్లో ఎవడు రేపు పెద్దవాడవుతాడో తెలియదు కాబట్టి ఏ బంతినీ పారేసే వీల్లేదు.

అవ్వాల్సినవాళ్ళు నిజంగానే అయ్యారు. జిమ్ రైస్, ఫ్రెడ్ లిన్, వేడ్ బాగ్స్, రోజర్ క్లెమెన్స్, మో వాన్, నోమార్ గార్సియపారా అందరూ మెకాయ్ మీదుగానే బోస్టన్ వెళ్ళారు. పైకి వెళ్ళే ర్యాంపుల గోడల మీద వాళ్ళ బొమ్మలు పెద్దపెద్దవి వేయించారు. దెబ్బ తగిలిన బోస్టన్ స్టార్లు కోలుకుంటూ రెండు మూడు ఆటలు ఇక్కడ ఆడేవాళ్ళు. ఆ రోజుల్లో టికెట్ దొరికేది కాదు. 1982 జులై 1న మార్క్ ఫిడ్రిచ్ పిచింగ్ చేసిన ఆటకి 9 వేలకి పైగా వచ్చారు. ఒకప్పుడు దేశాన్ని ఊపేసి భుజం దెబ్బతిని కిందికి వచ్చినవాడు. పైకి ఎక్కేవాడికీ కిందికి దిగేవాడికీ ఒకే ఊళ్ళో చప్పట్లు కొట్టడం మైనర్ లీగ్‌లోనే చూస్తాం.

పెద్దాయన్ని కదిపితే 1981 గురించి తప్పకుండా చెబుతారు కాబట్టి అది కూడా తెలుసుకోండి. బేస్‌బాల్‌లో డ్రా లేదు. ప్రతి ఇన్నింగ్‌లో పై సగం బయటి జట్టు, కింది సగం సొంతూరి జట్టు బ్యాటింగ్ చేస్తాయి. 9 ఇన్నింగ్స్‌కి సమంగా ఉంటే, ఎవరో ఒకరు ముందుకి వెళ్ళేదాకా ఇన్నింగ్స్ మీద ఇన్నింగ్స్ ఆడాల్సిందే. 1981 ఏప్రిల్ 18, శనివారం రాత్రి. మర్నాడు ఈస్టర్. ఎదుటి జట్టు న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చిన రోచెస్టర్ రెడ్ వింగ్స్, బాల్టిమోర్ వాళ్ళ ట్రిపుల్-ఏ. లైట్లు మొరాయించి ఆట దాదాపు అరగంట ఆలస్యంగా మొదలైంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు 1,740 మంది. తొమ్మిదో ఇన్నింగ్ చివర్లో పటకెట్ స్కోరు 1-1 చేసింది. ఇక ఎంతకీ తెగదు. గాలి మైదానంలోకి వీస్తుంటే హోమ్‌రన్ అనుకున్న బంతులు వెనక్కి వచ్చి ఫీల్డర్ చేతిలో పడ్డాయి. 21వ ఇన్నింగ్‌లో రోచెస్టర్ ఒక రన్ చేసింది, హమ్మయ్య అనుకున్నారు. కింది సగంలో వేడ్ బాగ్స్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టి 2-2 చేశాడు. సొంత జట్టువాళ్ళకే అతన్ని వాటేసుకోవాలో తన్నాలో తెలియని పరిస్థితి.

లీగ్‌లో ఒక నిబంధన ఉంది, రాత్రి 12:50 దాటాక కొత్త ఇన్నింగ్ మొదలెట్టకూడదని. కానీ ఆ ఏడాది అంపైర్ల చేతికిచ్చిన పుస్తకంలో ఆ పేరా అచ్చు కాలేదు! పుస్తకంలో లేనిది మేం ఆపలేం అన్నారు అంపైర్లు. గడ్డకట్టే చలి. విరిగిన బ్యాట్లు, బెంచీల చెక్కలు డగౌట్లలో మంట పెట్టుకుని చేతులు కాచుకున్నారు ఆటగాళ్ళు. పటకెట్ మేనేజర్ జో మోర్గన్‌ని 22వ ఇన్నింగ్‌లో అంపైరు బయటికి పంపేస్తే, వెనక గోడలో కన్నంలోంచి చూస్తూ ఆట నడిపాడు. తన వంతు పిచింగ్ పూర్తయ్యి వేకువన ఇంటికెళ్ళిన లూయిస్ అపోంతేని, ఇంతసేపూ ఆటేనంటే నమ్మక, భార్య గుమ్మంలోనే నిలదీసిందని చెబుతారు. చివరికి లీగ్ అధ్యక్షుడు హెరాల్డ్ కూపర్ ఫోన్‌లో దొరికాడు. ఈ ఇన్నింగ్‌తో ఆపేయండన్నాడు. అప్పటికి తెల్లవారుజామున 4 దాటింది, 32 ఇన్నింగ్స్ అయ్యాయి, స్టేడియంలో 19 మంది మిగిలారు. వాళ్ళకి మాండోర్ సీజన్ పాసులిచ్చి పంపాడు.

మిగతా ఆట జూన్ 23న పెట్టారు. అప్పటికి మేజర్ లీగ్ ఆటగాళ్ళు సమ్మెలో ఉన్నారు, రాయడానికి ఆటలు లేక దేశం నలుమూలల నుంచీ విలేకరులు పటకెట్‌లో దిగారు. 5,746 మందితో స్టేడియం నిండిపోయింది. అంతా చేసి ఆట జరిగింది 18 నిమిషాలు. 33వ ఇన్నింగ్ కింది సగంలో డేవ్ కోజా సింగిల్ కొట్టాడు, మార్టీ బారెట్ పరుగెత్తి వచ్చాడు, 3-2. మొత్తం 8 గంటల 25 నిమిషాలు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఇంతకన్నా పొడుగు ఆట లేదు. ఇక రాదు కూడా. 2018 నుంచి మైనర్ లీగ్‌లో అదనపు ఇన్నింగ్స్‌ని రెండో బేస్ మీద ఒక రన్నర్‌ని నిలబెట్టి మొదలెడుతున్నారు, త్వరగా తెగిపోవాలని.

ఆ రాత్రి పటకెట్ థర్డ్ బేస్‌లో బాగ్స్, రోచెస్టర్ థర్డ్ బేస్‌లో కాల్ రిప్కెన్ జూనియర్. ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. గెలిపించిన కోజా మాత్రం మేజర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. రోచెస్టర్ తరఫున 13 సార్లు బ్యాటింగ్ చేసి ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయిన డాలస్ విలియమ్స్‌ని కూడా జనం మర్చిపోలేదు. నన్నడిగితే మైనర్ లీగ్ అంటే బాగ్స్, రిప్కెన్ కాదు, కోజానే. ట్రిపుల్-ఏ దాకా వచ్చి ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్ళే ఈ జట్లలో ఎక్కువమంది. జీతాలు కూడా మీరనుకున్నట్టు ఉండవు. 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్ళు సంఘం పెట్టుకున్నాక, 2023లో కుదిరిన మొదటి ఒప్పందంతోనే ట్రిపుల్-ఏలో కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్ల నుంచి 35,800కి పెరిగింది.

ఇక గొడవ సంగతి. మాండోర్ 2010 అక్టోబరులో పోయారు. జట్టు ఆయన భార్య చేతికి వచ్చింది. 2012లో, 2014లో గవర్నర్స్ కప్ కూడా కొట్టింది. 2015 ఫిబ్రవరిలో జట్టుని కొన్న బృందానికి ముందు నిలబడినవాళ్ళు ఇద్దరు: రాష్ట్ర రాజధాని ప్రావిడెన్స్‌కి చెందిన లాయరు జేమ్స్ స్కెఫింగ్టన్, బోస్టన్ రెడ్ సాక్స్ అధ్యక్షుడు ల్యారీ లుకినో. కొన్న వెంటనే మెకాయ్ పాతబడింది, ప్రావిడెన్స్‌లో నది ఒడ్డున కొత్త స్టేడియం కడతామన్నారు. అందుకు రాష్ట్రం ఏటా 40 లక్షల చొప్పున 30 ఏళ్ళకి 12 కోట్ల డాలర్లు ఇవ్వాలన్నారు. రోడ్ ఐలండ్ జనం భగ్గుమన్నారు.

ఎందుకంత కోపమో అర్థం కావాలంటే 38 స్టూడియోస్ గురించి తెలియాలి. 2010లో రాష్ట్రం ఒక వీడియో గేమ్ కంపెనీకి 7.5 కోట్ల డాలర్ల అప్పుకి హామీ నిలిచింది. ఆ కంపెనీ పెట్టింది కర్ట్ షిల్లింగ్, బోస్టన్‌కి 2004లో వరల్డ్ సిరీస్ గెలిపించిన పిచర్లలో ఒకడు. 2012లో కంపెనీ దివాలా తీసింది, అప్పు జనం నెత్తిన పడింది. రెడ్ సాక్స్ పేరు చెప్పి డబ్బడిగేవాడిని మూడేళ్ళలోనే మళ్ళీ ఎవరు నమ్ముతారు? స్కెఫింగ్టన్ ఆ మే నెలలో హఠాత్తుగా చనిపోయారు, సెప్టెంబరుకల్లా ప్రావిడెన్స్ ఆలోచన ఆగిపోయింది.

2017లో రెండో ప్రతిపాదన వచ్చింది. ఈసారి పటకెట్‌లోనే, హైవే పక్కన, స్లేటర్ మిల్లుకి దగ్గర్లో. మొత్తం 8.3 కోట్ల డాలర్లు: జట్టు 4.5, రాష్ట్రం 2.3, ఊరు 1.5. మొదటిదానితో పోలిస్తే ఇది నిజంగా మంచి బేరం. 2018 జనవరిలో సెనెట్ ఒప్పుకుంది. ప్రతినిధుల సభ స్పీకర్ నికొలస్ మాటియెల్లో నెలల తరబడి కదలలేదు. జూన్‌లో పాస్ చేశారు గానీ, స్టేడియం అప్పుకి రాష్ట్రం పూచీ తీసేశారు. పూచీ లేకపోతే వడ్డీ పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఆలోపు వూస్టర్ వాళ్ళు చడీచప్పుడు లేకుండా మాట్లాడుకున్నారు. 2018 ఆగస్టు 17న లుకినో వూస్టర్ సిటీ హాల్లో ప్రకటించేశారు. ఆ ఏడాది మొదట్లోనే పటకెట్‌లో మెమోరియల్ ఆసుపత్రి మూతపడింది. ఒకే ఏడాదిలో ఆసుపత్రి, జట్టు రెండూ పోతే ఊరికి ఎలా ఉంటుందో ఊహించండి.

మీ ఆఫీసులో పెద్దాయన బహుశా లుకినోని తిడతారు. ఇక్కడ సగంమంది ఆయన్ని తిడతారు, సగంమంది మాటియెల్లోని. నా అభిప్రాయం వేరు. స్టేడియాలకి పెట్టిన ప్రజాధనం ఊరికి తిరిగిరాదని ఆర్థికవేత్తలు దాదాపు ఏకగ్రీవంగా చెప్పే మాట. వూస్టర్‌లో సుమారు 10 కోట్ల డాలర్లతో మొదలైన అంచనా, పోలార్ పార్క్ పూర్తయ్యేసరికి 16 కోట్ల దగ్గరికి వెళ్ళింది. సభ భయపడటంలో తప్పు లేదు. నాకు కోపం 2015 మీద. మొదటి రోజే పటకెట్‌కి వచ్చి ఆ 8.3 కోట్ల బేరం పెట్టి ఉంటే అది అయ్యేది. నది ఒడ్డు స్థలం చూపించి 12 కోట్లు అడిగి, నమ్మకాన్ని ముందే పోగొట్టుకుని, తర్వాత మంచి బేరంతో వస్తే ఎవరు వింటారు? ఆ రెండేళ్ళూ జనం అలిగి మెకాయ్‌కి రావడం తగ్గించారు, హాజరు సీజన్‌కి 4 లక్షల దగ్గరికి పడింది. దాన్నే చూపించి ఊరు జట్టుని నిలబెట్టుకోలేదన్నారు. అది అన్యాయం.

వీడ్కోలు కూడా సరిగా దక్కలేదు. మెకాయ్‌లో 2020 చివరి సీజన్ అని ముందే చెప్పారు, పెద్దగా చేద్దామనుకున్నారు. కోవిడ్‌తో మైనర్ లీగ్ మొత్తం రద్దయింది. 2019 సెప్టెంబరు మొదట్లో జరిగిన ఆటే చివరిదైపోయింది. ఆ రోజు వెళ్ళినవాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు. 2020 వేసవిలో మాత్రం మైదానంలో గడ్డి మీద దూరదూరంగా బల్లలు వేసి భోజనాలు పెట్టారు. డైనింగ్ ఆన్ ద డైమండ్ అన్నారు. చోటు దొరక్క వెయిటింగ్ లిస్టు. ఆటలేని స్టేడియంలో తినడానికి అంతమంది ఎగబడ్డారంటే మీరడిగిన పట్టింపు ఎంతో లెక్క కట్టుకోవచ్చు.

మెకాయ్ స్థలంలో కొత్త హైస్కూలు కట్టడానికి 2022లో ఓటర్లు ఒప్పుకున్నారు. 2025లో స్టేడియం కూల్చివేత మొదలైంది. అదే ఏడాది మే నెలలో పటకెట్ నది ఒడ్డున ఫుట్‌బాల్ స్టేడియం తెరిచారు, రోడ్ ఐలండ్ ఎఫ్‌సీ జట్టుకి. దానికీ ప్రజాధనం పోశారు! బేస్‌బాల్‌కి కాదన్నది ఫుట్‌బాల్‌కి ఇచ్చారని ఇక్కడ గొణుక్కునేవాళ్ళు తక్కువమందేమీ కాదు.

వూస్టర్‌ని మాత్రం దొంగ అనకండి. దానికీ చరిత్ర ఉంది. 1880 నుంచి మూడేళ్ళు నేషనల్ లీగ్‌లో జట్టున్న ఊరు. మేజర్ లీగ్‌లో మొట్టమొదటి పర్ఫెక్ట్ గేమ్ (ఎదుటి జట్టులో ఒక్కడు కూడా బేస్ చేరని ఆట) 1880 జూన్ 12న వూస్టర్ పిచర్ లీ రిచ్‌మండ్ వేసిందే. అదీ మిల్లుల ఊరే. వూస్టర్ నుంచి దిగే బ్లాక్‌స్టోన్ నది పటకెట్ జలపాతం దగ్గర సముద్రపు పాయలో కలుస్తుంది. జట్టు అదే నదికి ఎదురెక్కి 40 మైళ్ళు పైకి వెళ్ళిందంతే. ఇంకా మసాచుసెట్స్‌లోనే ఉన్న లొవెల్ వాళ్ళ సంగతి చూడండి. 2020 చివర మేజర్ లీగ్ మైనర్ లీగ్‌ని తన గుప్పిట్లోకి తెచ్చుకుని, జట్లని 160 నుంచి 120కి కుదించినప్పుడు వాళ్ళ జట్టు లొవెల్ స్పిన్నర్స్ బోస్టన్‌తో సంబంధమే పోగొట్టుకుంది. పటకెట్ జట్టు వేరే ఊళ్ళో అయినా బతికుంది, లొవెల్‌కి అదీ లేదు. వూసాక్స్‌ని కూడా 2023 చివర్లో డైమండ్ బేస్‌బాల్ హోల్డింగ్స్ కొనేసింది. పదుల కొద్దీ మైనర్ లీగ్ జట్లున్న కంపెనీ అది. గేటు దగ్గర నిలబడి పేరుపెట్టి పలకరించే యజమానుల కాలం అయిపోయిందనే అనుకోవాలి.

ఆటకి మీరు మాత్రం వెళ్ళండి. ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో వైపునుంచి మనవాళ్ళ కుటుంబాలు బాగానే వస్తుంటాయి. మైదానం బాగుంటుంది. ఏప్రిల్‌లో వద్దు, చలికి రెండు ఇన్నింగ్స్ కూడా కూర్చోలేరు. జూన్‌లో వెళ్ళండి. కెల్లీ స్క్వేర్ దగ్గర పార్కింగ్ వెతకడం దండగ, యూనియన్ స్టేషన్ వైపు ఆపుకుని నడిచి వెళ్ళండి. టికెట్ కొనే ముందు బోస్టన్ ఆటగాళ్ళలో దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్ళెవరైనా ఆ వారం ఆడుతున్నారేమో చూసుకోండి. ఆ పెద్దాయన్ని రమ్మని బలవంతపెట్టకండి. ఫిడ్రిచ్ ఆట చూశారా అని అడగండి చాలు, ఆ మధ్యాహ్నం మీ పని సాగదు.